మూడు మూరల నిమ్మకాయలు

కోయంబేడు మండీలో రాత్రి రెండున్నరకి
నా ప్రోగ్రాం ఒక చీటీ ప్రింటు చేసింది:
"నిమ్మకాయలు, మూడు మూరలు."

సెంగుట్టువన్ దాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని
ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు,
గూడూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరుకి చూపించాడు.
ఇద్దరూ నవ్వలేదు.
అందుకే భయమేసింది.

తప్పు నాదే.
పువ్వయితే మూరల్లో,
కాకపోతే, ఆకయితే కట్టల్లో,
కాకపోతే, అరటయితే గెలల్లో,
కాకపోతే, కాకపోతే, కాకపోతే అని
నలభై ఒక్క మెట్ల నిచ్చెన కట్టాను.
నిన్న సాయంత్రం సంపెంగల కోసం
మధ్యలో ఇంకో మెట్టు దూర్చాను.
పైనున్న నిమ్మకాయ జారి
పూలబుట్టలో పడింది.

పక్కనే గోనెసంచి మీద
మల్లెలు కడుతోంది ఆదెమ్మ,
గుమ్మిడిపూండి మనిషి, నాతో తెలుగే.
"ఏమ్మే, నీ మిషనుకి చెయ్యుందా?"
లేదన్నాను.
"చెయ్యే లేనిది మూరెట్లా ఏస్తది?"

టమాటా ట్రేల మీద ల్యాప్‌టాప్ పెట్టి
నిచ్చెన మొత్తం చెరిపేశాను.
కొత్తగా ఒక పేరు రాశాను: సరుకు.
దానికి ఒకటే పని: కొలువు.
ఎలా కొలవాలో రాయలేదు.
ఉత్త పేరు, కింద ఒళ్ళు లేదు.

ఆలోచిస్తే వింతేం కాదు.
ముప్పై ఏళ్ళుగా ఇక్కడ మూటలు మోసేవాళ్ళు కూడా
సరుకుని చూసి ఉండరు.
మునక్కాయని చూశారు, కొత్తిమీరని చూశారు,
తడి గోనెలో మొలకెత్తిన అల్లాన్ని చూశారు.
సరుకు ఏ లారీ నుంచీ దిగదు.
దిగమని పిలిచామా, కంపైలరు
పుట్టని బిడ్డకి రేషన్ కార్డు అడిగినట్టు
మన మొహం చూస్తుంది.

తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి.
నన్ను నేను వందల్లో లెక్కపెట్టుకుంటానంది నిమ్మ.
తమలపాకు కవుళి అని తన లెక్క తను చెప్పింది.
కరివేపాకుకి పిడికిలే కొలత.
అరటి గెల మాత్రం
తూకమొద్దు, లెక్కొద్దు,
భుజానికెత్తి దించితే చాలంది.
ఆ ఒక్కదాని దగ్గరే నాకు తెల్లారింది.

ఇప్పుడు చీటీ రాసేదానికి
ముందు నిలబడిందెవరో తెలియక్కర్లేదు.
వరసలో ప్రతిదాన్నీ అదే మాట అడుగుతుంది,
కొలువు.
ఎవరి ఒళ్ళు వాళ్ళే కొలుచుకుంటారు.

అయిపోయిందనుకున్నాను.

వానాకాలం ఆదెమ్మకి భుజం పట్టేసింది.
పూల దగ్గర కూతురు కనకవల్లి కూర్చుంది.
మనిషి పొడుగు.
అమ్మ మూర కన్నా ఆమె మూర
నాలుగు వేళ్ళు ఎక్కువ, రేటు మాత్రం అదే.
"లెక్క పోతోంది" అని సెంగుట్టువన్ గొణిగాడు.
మూరలోకి వెళ్ళి ఒక్క ప్రశ్న చేర్చాను:
ఎవరి చెయ్యి?
నిచ్చెనే ఉండుంటే అన్ని మెట్లూ కదిలేవి.
ఇప్పుడు పూల దగ్గర చెయ్యి మారిందని
నిమ్మకి తెలియను కూడా తెలియదు.

మొన్న ఆదెమ్మ తిరిగొచ్చింది.
బోణీకి ముందే
మోచేయి నుంచి వేలి కొస దాకా మల్లెలు లాగి, తెంపి,
తూకం కొక్కేనికి వేలాడదీసి
కళ్ళు మూసుకుంది.
"చీటీ ఎవరి పేర?" అన్నాను.
"చీటీ ఏందమ్మే. కొలిచినా, అంతే."

కొలిచింది మల్లెల్నా, తూకాన్నా?
మన భాషలో రెంటికీ ఒకటే మాట.
పిలిచేవాడికి తేడా తెలియదు,
చేసే చేతికి తెలుసు.

దీనికి నా దగ్గర క్లాసు లేదు.
రాద్దామని కూడా అనిపించలేదు.

కొక్కెం ముప్పై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది.
సెంగుట్టువన్ వచ్చాడు, చూశాడు,
పూలు తియ్యకుండానే
ముల్లుని సున్నాకి తెచ్చి
మొదటి బస్తా ఎత్తమన్నాడు.